తలుపుల మేస్త్రి

సినిమాకి మాట వచ్చిన మొదటి రోజునే మేస్త్రి పరువు పోయింది. అదీ ఒక తలుపు వల్ల.

అప్పటికి పదకొండేళ్ళుగా ఆయన ఆ స్టూడియోలో వడ్రంగి మేస్త్రి. మూకీల కాలమది. రాజుగారి మేడ కావాలంటే మేడ, జైలు కావాలంటే జైలు, వారం తిరక్కుండా నిలబెట్టేవాడు. అంతా గుడ్డా కర్రా వ్యవహారం. సన్నటి కర్రలతో చట్రం బిగించి, దాని మీద ముతక గుడ్డ లాగి మేకులు కొట్టి, రంగు పులిమితే గోడ. అదే చట్రానికి రెండు బందులు తగిలిస్తే తలుపు. కెమెరాకి కళ్ళే గానీ చెవులు లేవు కాబట్టి ఆయన ఏం చూపిస్తే అది నమ్మేది. ఎనిమిది అడుగుల కోట తలుపుని ఒక్కడే చంకన పెట్టుకుని నడిచిపోతుంటే చూసినవాళ్ళు నవ్వేవాళ్ళు. ఆయనా నవ్వేవాడు. ఆ పనిలో ఉన్న గమ్మత్తే అది మరి.

ఆ ఏడాది స్టూడియో రూపం మారిపోయింది. గోడల నిండా కంబళ్ళు వేలాడదీశారు. ఫ్యానులు పీకేశారు. చప్పుడు చేస్తుందని కెమెరాని, దాన్ని తిప్పేవాడితో సహా, ఒక అద్దాల గదిలో పెట్టి తలుపేశారు. మైకుని పూలకుండీలో దాచారు. ఇంకో మూల చిన్న గదిలో సౌండు మనిషి కూర్చుని, చెవులకి రెండు డిప్పలు తగిలించుకుని వింటుండేవాడు. సన్నగా, ఎప్పుడూ తలనొప్పి ఉన్నట్టుండే మనిషి.

మొదటి రోజు షాటులో హీరోయిన్ కోపంగా తలుపు వేసుకుని వెళ్ళిపోవాలి. వేసుకుంది. గోడ మొత్తం ఆరేసిన దుప్పటిలా ఊగింది. అది సరే, సౌండు మనిషి తన గదిలోంచి బయటికొచ్చి, "ఎవరయ్యా అక్కడ అట్టపెట్టెని తన్నింది?" అన్నాడు.

అందరూ పడీపడీ నవ్వారు. ఆ సాయంత్రానికల్లా మేస్త్రికి 'అట్టపెట్టె మేస్త్రి' అన్న పేరు స్థిరపడిపోయింది. నోట్లో నాలుక లేని మనిషి కాబట్టి ఎవర్నీ ఏమీ అనలేదు. తలొంచుకుని చిత్రిక పట్టుకున్నాడు, అంతే.

కంపెనీ దానికి తేలికైన మార్గం కనిపెట్టింది. ఇకమీదట సినిమాల్లో ఎవరూ తలుపులు మూయకూడదు. తెర కట్టండి, లేదా తలుపు తీసే ఉంచండి. అలా రెండేళ్ళు గడిచాయి. ఆ రెండేళ్ళలో వచ్చిన సినిమాల్లో నటులందరూ పూలకుండీ చుట్టూ చేరి, దానికేదో రహస్యం చెబుతున్నట్టు వంగి వంగి మాట్లాడేవాళ్ళు. మాట, పాట, మళ్ళీ మాట. మేస్త్రికి బల్లలూ కుర్చీలూ చెయ్యడం తప్ప పనే లేకపోయింది.

అలాంటి సమయంలో కొత్త డైరెక్టరు వచ్చాడు. పొట్టిగా, బట్టతలతో, ఎప్పుడూ జేబురుమాలు కొస నములుతూ ఉండేవాడు. మిగతా డైరెక్టర్లు షాటు అయిపోగానే 'కట్' అని అరిచేవాళ్ళు. ఈయన మాత్రం అయిపోయిందనుకున్నాక కూడా చెయ్యి పైకెత్తి, "ఆగండి... ఆగండి..." అని గొణుగుతూ, ఖాళీ అయిపోయిన గదినే కెమెరాతో చూపిస్తూ ఉండేవాడు. దాంతో స్టూడియోలో అందరూ ఆయన్ని చాటుగా 'ఆగండిగారు' అనేవాళ్ళు.

ఆగండిగారు ఒకరోజు నేరుగా వడ్రంగి షెడ్డుకి వచ్చి, రంపపు పొట్టు దులపకుండానే కోత బల్ల మీద కూర్చున్నాడు.

"మేస్త్రిగారూ, నాకు అయిదు తలుపులు కావాలి."

మేస్త్రిని 'గారూ' అన్నవాడు ఆ స్టూడియోలో అంతవరకూ లేడు. ఆయన కంగారుపడి, "రేపు పొద్దున్నకల్లా ఇస్తానయ్యా," అన్నాడు.

"రేపొద్దు. రెండు నెలలు తీసుకోండి."

"తలుపులకి రెండు నెలలా?"

"అవి మాట్లాడాలి. ఏ తలుపు మూసుకుందో, మూసినవాడు ఏ మనసుతో మూశాడో, కళ్ళు మూసుకుని వింటున్నవాడికి కూడా తెలిసిపోవాలి."

మేస్త్రి గొంతు సవరించుకున్నాడు. "అయ్యా, తమరు కొత్తగా వచ్చారు, తెలీదేమో. నన్ను ఇక్కడ అట్టపెట్టె మేస్త్రి అంటారు."

"తెలుసు. ఆ సినిమాలో ఆ తలుపు నేను విన్నాను. అంత అధ్వాన్నమైన చప్పుడు నా జన్మలో వినలేదు," అని నవ్వాడు ఆగండిగారు. "అందులో మీ తప్పేం లేదు. ఎవరూ మిమ్మల్ని చప్పుడు అడగలేదుగా. నేను అడుగుతున్నాను."

అప్పుడు కథ చెప్పాడు. సినిమా పేరు 'అరువిల్లు'. ఒక చిరుద్యోగి తన మేనమామకి పెద్ద బంగళాలో ఉంటున్నానని ఉత్తరాలు రాస్తుంటాడు. ఉన్నట్టుండి మామ చూడ్డానికి బయల్దేరతాడు. యజమాని ఊరెళ్ళాడు కదా అని ఈ చిరుద్యోగి ఆయన ఇంట్లోనే ఒక్కరోజు కాపురం పెడతాడు. తీరా మామ భోజనానికి కూర్చునేసరికి యజమాని తిరిగొస్తాడు. ఇక అక్కణ్ణుంచి ఒకరికి ఒకరు కనబడకుండా ఈ గదిలోంచి ఆ గదిలోకి పరుగులే.

"దెబ్బలాటలు, పడిపోవడాలు అన్నీ చూపించొచ్చు," అన్నాడు ఆగండిగారు. "కానీ నేను చూపించను. తలుపు మూసేస్తాను. మూసిన తలుపునే చూపిస్తాను. లోపల ఏం జరుగుతోందో చూసేవాడే అనుకుంటాడు. వాడి బుర్రలో పుట్టే మామ ముందు మన యాక్టరు ఏపాటి? నవ్వు మనం నవ్వకూడదండీ, వాళ్ళ చేత నవ్వించాలి. దానికి నాకు నోరున్న తలుపులు కావాలి."

ఆయన వెళ్ళిపోయాక మేస్త్రి షెడ్డు తలుపు ఒకసారి వేసి చూశాడు. ముప్ఫై ఏళ్ళుగా తలుపులు చేస్తున్నాడు. ఒక్క తలుపునీ చెవి పెట్టి వినలేదు.

మర్నాటి నుంచి వినడం మొదలుపెట్టాడు. వీధిలో నడుస్తూ నడుస్తూ ఎవరింటి ముందో ఆగిపోయేవాడు. తట్టేవాడు. లోపలివాళ్ళు తలుపు తీసి "ఎవరు కావాలి?" అంటే, "ఎవరూ వద్దండీ, ఒక్కసారి మూయండి," అనేవాడు. కొందరు మొహం మీదే ధడాలున వేసేవాళ్ళు. అది ఇంకా మంచిది, కోపం ఎలా పలుకుతుందో తెలిసేది. మూడో రోజుకి పక్కింటావిడ మేస్త్రి భార్యని పిలిచి, "మీ ఆయనకి ఒంట్లో బాగానే ఉందా వదినా? నిన్న మా మరదలి ఇంటి గొళ్ళేన్ని పదిసార్లు వేసి తీసి, దండం పెట్టి వెళ్ళాట్ట," అంది జాలిగా.

భార్య ఇంటికొచ్చి భర్తని నిలదీసింది. బట్టల దుకాణానికి చొక్కాలు కుట్టే మనిషి ఆవిడ. చేతికీ మాటకీ రెండింటికీ పదునే.

"వీధి వీధంతా నవ్వుతోంది. అట్టపెట్టె పేరు చాలలేదా, పిచ్చి మేస్త్రి అనిపించుకోవాలా?"

మేస్త్రి సంగతంతా చెప్పాడు. ఆవిడ సూదిలో దారం ఎక్కించుకుంటూ విని, తేలిగ్గా అంది: "ఓస్, దానికి వీధి మీద పడాలా? నన్నడిగితే చెప్పనా? మీరు సంతోషంగా వచ్చిన రోజు మన తలుపు రెండుసార్లు చప్పుడు చేస్తుంది. ఒకసారి మీరు తోస్తారు. వెనక్కి చూడరు కాబట్టి రెండోసారి అదే తిరిగొచ్చి కొట్టుకుంటుంది. కోపంగా వచ్చిన రోజు అసలు చప్పుడే ఉండదు. మెల్లిగా దగ్గరికి వేస్తారు. మీ కోపమంతా ఆ మెల్లిగా వెయ్యడంలోనే ఉంటుంది. ఆ అట్టపెట్టె రోజున అలాగే వేశారు. నేను ఏమైందని అడిగానా? అడగలేదు."

మేస్త్రి ఆవిడ వంక కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. పద్దెనిమిదేళ్ళ కాపురంలో ఆవిడ గుమ్మానికి వీపు పెట్టి కుట్టుకుంటూనే తన రాకపోకలన్నీ చదివేసిందన్నమాట.

ఇక పని ఊపందుకుంది. కూల్చేసిన పాత భవనాల దగ్గర తిరిగి, నిజమైన తలుపులు ఏరి తెచ్చాడు. గుడ్డ గోడకి బిగిస్తే మళ్ళీ దుప్పటి గతే కాబట్టి, ప్రతి చౌకట్టుకీ రెండు పక్కలా నిలువెత్తు కొయ్య పెట్టెలు నిలబెట్టి, వాటి నిండా ఇసక పోసి, చౌకట్టుని వాటి మధ్య బిగించాడు. ఆ పైన గుడ్డ కప్పి రంగేశాడు. ఏనుగు తన్నినా కదలదు. వీధి తలుపుకి మందపాటి రెక్క, బరువైన బందులు పెట్టాడు. అది మూసుకుంటే ఇంటికి యజమాని తానే అన్నట్టు ధమ్మని పలికేది. వంటింటి తలుపు ఒకచోట నిలవకుండా అటూ ఇటూ ఊగుతూ కిచకిచలాడేది. పడకగది తలుపు అంచులకి తోలు అంటించాడు, నిట్టూర్చినట్టు మూసుకునేది. పెరటి తలుపు గడియని వదులు చేశాడు. ఎవరు దగ్గరికొచ్చినా భయంతో పళ్ళు కొరుక్కున్నట్టు టకటకమనేది.

ఒక మధ్యాహ్నం భార్యని షెడ్డుకి తీసుకొచ్చి, తలుపుల వైపు వీపు పెట్టి కూర్చోబెట్టాడు. ఆవిడ చొక్కాకి కాజాలు కుట్టుకుంటూ ఒక్కో తలుపూ విని తీర్పు చెప్పింది.

"ఇది పెత్తనం చేసేవాడు. ఇది, అమ్మో, ఊళ్ళో కబుర్లన్నీ దీనికే కావాలి. ఇది కొత్తగా పెళ్ళయినవాళ్ళ గది, మళ్ళీ వెయ్యకండి, సిగ్గేస్తోంది. ఇది తప్పు చేసి పారిపోతోంది."

అయిదోది సామాన్ల గది తలుపు. మేస్త్రి మూశాడు. ఆవిడ సూది ఆపింది. "ఇది తలుపు," అంది.

"అంటే?"

"అంటే తలుపులాగే ఉంది. అందులో మనిషి లేడు."

మేస్త్రి ఆ తలుపు పీకి అవతల పారేశాడు. ఇంకో పన్నెండు రోజులు ఆ గది తలుపు మీదే పని చేశాడు. చివరికి అంగుళంలో పదో వంతు ఎక్కువున్న రెక్కని చౌకట్టులో పెట్టాడు. అది సగం దాకా వచ్చి మొండికేసి ఆగుతుంది. భుజం పెట్టి తోస్తే మూలిగి, ఇష్టం లేకుండానే లోపలికి పోతుంది. భార్య విని, "ఇదిగో, ఇప్పుడు వచ్చాడు మామ!" అని పకపకా నవ్వింది.

అసలు పరీక్ష షూటింగులో వచ్చింది. ఆ రోజు తియ్యాల్సింది సినిమాకే ఆయువుపట్టు. మామ, ఇంట్లో దొంగ పడ్డాడనుకుని, దాక్కోవడానికి సామాన్ల గదిలోకి దూరి తలుపు వేసుకుంటాడు. కానీ అప్పటికే ఆ చీకట్లో యజమాని, వీళ్ళని దొంగలనుకుని, దాక్కుని ఉంటాడు. కెమెరా లోపలికి వెళ్ళదు. నిమిషం పాటు మూసిన తలుపు మాత్రమే కనిపిస్తుంది.

ఈ సంగతి తెలిసి కంపెనీ యజమాని ఆఘమేఘాల మీద వచ్చి పడ్డాడు.

"నిమిషం పాటు తలుపా? జనం మొహాలు చూడ్డానికి వస్తారయ్యా, నీ కొయ్యని చూడ్డానికి కాదు!"

ఆగండిగారు రుమాలు కొస నములుతూ, "ఒక్కసారి తియ్యనివ్వండి. మీకు నవ్వు రాకపోతే లోపల ఏం జరిగిందో మళ్ళీ తీసి అంటిస్తాను," అన్నాడు. కంపెనీ యజమాని ఉరిమి చూసి కుర్చీలో కూలబడ్డాడు.

దీపాలు వెలిగించారు. మామ వేషం వేసినాయన పెద్ద నాటకాల నటుడు, భారీ మనిషి. వచ్చి లోపలికి దూరి తలుపు వేసుకున్నాడు. అది వెన్న రాసినట్టు జారి, కిక్కురుమనకుండా మూసుకుపోయింది. పొద్దున్నుంచీ ఆ దీపాల వేడికి కొయ్య ఎండి, ఆ పదో వంతు కాస్తా ఇగిరిపోయింది.

సౌండు మనిషి గదిలోంచి తల బయటపెట్టాడు. మళ్ళీ ఏమంటాడో అని అందరూ నవ్వడానికి సిద్ధంగా ఉన్నారు. కంపెనీ యజమాని లేచి నిలబడ్డాడు.

అప్పుడు, జీవితంలో మొదటిసారి, మేస్త్రి అందరి ముందూ గొంతెత్తాడు.

"అయ్యా, మళ్ళీ తియ్యండి. నేను తలుపు వెనకుంటాను."

"ఉండి?"

"అది మర్చిపోయింది. నాకు గుర్తుంది. నేను పలికిస్తాను."

ఆగండిగారు ఒక్క క్షణం చూసి, తల ఊపాడు. మామ వేషధారి లోపలికి రాగానే పక్కకి తప్పుకునేలా, తలుపు వెనక పనంతా మేస్త్రి ఒక్కడే చేసేలా మాట్లాడుకున్నారు. చివర్లో గడియ పడాలి. "నాలుగు లెక్కపెట్టి వెయ్యండి," అన్నాడు ఆగండిగారు.

ఇరుకు చోటు. ఇసక పెట్టెల వేడి వీపుకి తగులుతోంది. మామ వచ్చి తోశాడు. మేస్త్రి మోకాలు అడ్డుపెట్టి ఆపాడు. తలుపు సగంలో మొండికేసింది. మామ భుజంతో తోశాడు. మేస్త్రి కొంచెం కొంచెంగా వదులుతూ, చెప్పు అంచుని నేలకి రాస్తూ మూలిగించాడు. మామ లోపలికొచ్చాడు, తలుపు మూసుకుంది. ఇక బయట ఎవరూ లేరు. తలుపూ, దాన్ని చూస్తున్న కెమెరా.

ముందు నిశ్శబ్దం. తర్వాత వేలి కణుపుతో రెక్క మీద చిన్న శబ్దం, ఎవరో ఎవరికో తగిలినట్టు. మళ్ళీ నిశ్శబ్దం. ఉన్నట్టుండి భుజంతో ఒక్క గుద్దు. తలుపు దద్దరిల్లింది. ఇంకోటి, కింద నుంచి, మోకాలితో. గోళ్ళతో గీకుడు. అంతా ఆగిపోయింది. పిడి మెల్లిగా తిరిగింది, లోపలున్నవాడు బయటికి వద్దామనుకుంటున్నట్టు. సగం తిరిగి ఆగింది. ఆలోచనలో పడ్డట్టు మళ్ళీ వెనక్కి తిరిగింది.

ఇప్పుడు గడియ వెయ్యాలి. మేస్త్రి లెక్కపెట్టాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. చెయ్యి గడియ మీదే ఉంది. కానీ వెయ్యలేదు. లోపలున్నది మామ కదా అనుకున్నాడు. పరువున్న మనిషి. బయటికెళ్తే మేనల్లుడి ముందు తలవంపులు. లోపలుంటే తన్నులు. ఏది నయమో తేల్చుకోవడానికి నాలుగు చాలవు. అయిదు. ఆరు. కెమెరా తిరుగుతూనే ఉంది, ఎవరూ ఆపలేదు. ఏడు. అప్పుడు, ఎంతో మర్యాదగా, లోపల్నుంచి గడియ వేశాడు. టక్.

బయట ఎవరిదీ ఉలుకూ పలుకూ లేదు. ఆగండిగారి చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. చాలాసేపటికి దాన్ని దించి, "చాలు," అన్నాడు. ఆ మాట కోసమే కాచుకున్నట్టు సెట్టంతా ఒక్కసారి భళ్ళున నవ్వింది. కంపెనీ యజమాని కుర్చీలో ముందుకి వంగిపోయి, కళ్ళు తుడుచుకుంటూ, "తన్నులే నయమనుకున్నాడ్రా! మామ తన్నులే నయమనుకున్నాడు!" అని మోకాళ్ళు బాదుకుంటున్నాడు. సౌండు మనిషి చెవి డిప్పలు మెడలో వేలాడేసుకుని, తలుపు వెనక్కి వచ్చాడు. చెమటలో తడిసి ముద్దయిన మేస్త్రి చెయ్యి పట్టుకుని ఊపాడు. ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

"నాలుగన్నాను కదా?" అని అడిగాడు ఆగండిగారు తర్వాత.

"మామకి చాలలేదయ్యా."

"ఈ సినిమాలో మామ ఏమనుకుంటాడో నాకన్నా మీకే బాగా తెలిసినట్టుంది," అని ఆయన మేస్త్రి భుజం మీద చెయ్యి వేశాడు.

సినిమా విడుదలైన వారం, మేస్త్రి భార్యనీ కూతురినీ తీసుకుని మ్యాటినీకి వెళ్ళాడు. హాలు నిండిపోయింది. మొదట్లో జనం ముభావంగానే ఉన్నారు. పాట ఎప్పుడొస్తుందా అని చూస్తున్నారు. వీధి తలుపు ధమ్మన్నప్పుడు ఒకరిద్దరు కదిలారు. పెరటి తలుపు టకటకలాడినప్పుడు పిల్లలు నవ్వారు. అరగంట గడిచేసరికి, తెర మీద ఎవరూ కనబడకపోయినా, ఏదో తలుపు చప్పుడవగానే, "వచ్చాడ్రోయ్ యజమాని!" అని అరిచేదాకా వచ్చింది వ్యవహారం.

సామాన్ల గది వచ్చింది. మేస్త్రి కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్నాడు. గుద్దులకి నవ్వారు. గీకుడికి ఇంకా నవ్వారు. పిడి తిరిగి ఆగి, వెనక్కి వెళ్ళింది. హాలంతా ఊపిరి బిగబట్టింది. వెయ్యిమంది ఉన్న చోట ఫ్యాను రెక్కల చప్పుడు వినబడింది. మేస్త్రి లెక్కపెడుతున్నాడు. ఏడు. టక్.

ఆ నవ్వుకి పైకప్పు లేచిపోతుందనిపించింది. ఆ తర్వాత మామ మేనల్లుడితో ఏమన్నాడో ఎవరికీ వినబడలేదు. మేస్త్రి పక్కన కూర్చున్న పెద్దమనిషి దగ్గుతూ, కళ్ళు తుడుచుకుంటూ, "హీరోకన్నా ఆ తలుపే నయమండీ. ఎప్పుడు నోరు మూసుకోవాలో దానికి తెలుసు!" అన్నాడు.

మేస్త్రి తల ఊపాడు. ఆవలి పక్క నుంచి భార్య ముందుకి వంగి, హాలంతా వినబడేలా, "ఆ తలుపు మా ఆయనే!" అంది.

ముందు వరసవాళ్ళు వెనక్కి తిరిగారు. వెనక వరసవాళ్ళు లేచి చూశారు. ఆవిడ గభాలున నాలుక్కరుచుకుంది గానీ, మాట వెనక్కి తీసుకోలేదు. కూతురు సిగ్గుతో తల దించుకుని, మరుక్షణమే ఎత్తి, తనూ అందర్నీ చూసింది. మేస్త్రి మాత్రం చీకట్లో తిన్నగా, బడిలో మెడల్ వేయించుకుంటున్న పిల్లాడిలా కూర్చున్నాడు.

అట్టపెట్టె పేరు ఆ వారంతో చెరిగిపోయింది. స్టూడియోలో అందరికీ ఆయన తలుపుల మేస్త్రి అయ్యాడు. ఇతర కంపెనీలవాళ్ళు తలుపుల కోసం ఆయన్ని వెతుక్కుంటూ వచ్చారు. ఒకాయన ముప్ఫై తలుపులు కావాలన్నాడు. "ముప్ఫైమందిని మీరు రాశారా అయ్యా?" అని మేస్త్రి అడిగితే తెల్లబోయాడు. తలుపులుంటే చాలదనీ, వాటి ముందు ఆగగలిగే డైరెక్టరు కావాలనీ వాళ్ళకి తెలియడానికి చాలా కాలం పట్టింది. ఆగండిగారితో మేస్త్రి ఇంకో మూడు సినిమాలు చేశాడు. ఒకదాంట్లో కుర్చీ, ఒకదాంట్లో మేడమెట్లు, చివరిదాంట్లో మళ్ళీ తలుపులు మాట్లాడాయి. ప్రతిసారీ కథ ముందు వడ్రంగి షెడ్డులోనే చదివేవాడు ఆగండిగారు. ఎక్కడైనా మేస్త్రి చిత్రిక ఆపి ఆలోచనలో పడితే, అక్కడ గీత పెట్టుకునేవాడు.

ఆ నాలుగో సినిమాకి ఆయన ఒక పట్టు పట్టాడు. తెర మీద పేర్లు పడేటప్పుడు మేస్త్రి పేరు కూడా పడాలి. వడ్రంగుల పేర్లు వేసే అలవాటు ఎక్కడా లేదని యజమాని అన్నా వినలేదు. 'తలుపులు' అని, దాని ఎదురుగా మేస్త్రి పేరూ రాసి, కాగితం పంపించాడు. పేర్లు రాసే ఆయన దాన్ని చూసి, డైరెక్టరుగారు పరధ్యానంలో తప్పు రాశారనుకుని, సాయం చేద్దామని దిద్దాడు. సినిమా విడుదలైన రోజు తెర మీద, ముత్యాల్లాంటి అక్షరాలతో, 'తలపులు' అని పడి, పక్కన మేస్త్రి పేరు పడింది.

ఆగండిగారు చూసి తల పట్టుకున్నాడు. ఆట అయిపోగానే పరుగెత్తుకొచ్చి, "క్షమించండి మేస్త్రిగారూ, ఒక్క కొమ్ము పోయింది. రేపే మార్పిస్తాను," అన్నాడు.

మేస్త్రి హాలు గుమ్మం వైపు చూశాడు. పక్కన భార్య, కూతురు నిలబడి ఉన్నారు. హాల్లోంచి బయటికొస్తున్న జనం ఇంకా నవ్వుకుంటున్నారు.

"వద్దయ్యా, ఉండనివ్వండి," అన్నాడు. "అందులో తప్పేం లేదు. అవీ నావే."